పేరు చెప్పని మనవి

మునిర్కా, న్యూఢిల్లీ
2025 మార్చి 7

మాణిక్యం అత్తకి,

ఆ ప్లేటు నాది కాదు. ముందు ఈ మాట చెప్పి, వందనాలు తర్వాత చెబుతాను.

భస్మ బుధవారం నాడు నేను అశోకా రోడ్డు క్యాంటీన్లో కూర్చుని కోడికూర తింటున్న ఫొటో చూసి అమ్మ గుంటూరులో బస్సెక్కి తెనాలి వచ్చి నీ దగ్గర ఏడ్చిందని నాన్న చెప్పాడు. "పిల్ల దేవుణ్ణి వదిలేసింది" అందట. అత్తా, ఆ కోడికూర మా రూమ్మేట్ సాయిసుధది. దానికి మనలా ఈస్టరు దాకా శ్రమల దినాలు లేవు, ఉపవాసాలు లేవు. ఫొటోని ఎవరో సగానికి కోసి గ్రూపులో పెట్టారు కాబట్టి దాని ప్లేటు నా ముందున్నట్టు పడింది. నా ముందున్నది మజ్జిగ గ్లాసు. ఆ రోజు పొద్దుట్నుంచి ఉపవాసం ఉండి, సాయంత్రం ఆరాధనకి వెళ్తూ, దాని పుట్టినరోజు కదా అని దారిలో ఆగాను. ఇదంతా అమ్మకి చెప్పలేదు, చెప్పను కూడా. పెంచిన పిల్ల ఎలాంటిదో ఒక ప్లేటుని చూసి తేల్చేసే మనిషికి మజ్జిగ సంగతి చెప్పి ఏం లాభం?

నీకు మాత్రం చెప్పాలనిపించింది. ఫోన్ చేస్తే నీకు వినపడదు, వినపడేలా అరిస్తే మీ వీధంతా వింటుంది. అందుకే కాగితం.

నేను వారం వారం సంఘానికి వెళ్తున్నాను. ఇక్కడ మన తెలుగు లూథరన్ సంఘానికి సొంత గుడి లేదు. ఇంగ్లీషు వాళ్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వాళ్ల గుడి మనకిస్తారు. వాళ్లు కూర్చున్న బల్లలు చల్లారకముందే మనవాళ్లు వచ్చి కూర్చుంటారు. ముందు వరసలు ఆర్.కె. పురం క్వార్టర్ల ఆఫీసర్లవి, వాళ్ల భార్యలవి. వెనక వరసలు గుర్‌గావ్ సాఫ్ట్‌వేర్ వాళ్లవి. వాళ్ల పిల్లలు పాటలు తెలుగులో పాడి మంచినీళ్లు హిందీలో అడుగుతారు. నాది ఆఖరి వరస.

అసలు సంగతి ఇప్పుడు. మంచి శుక్రవారం నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు కదా, ఇక్కడ ఎవరికి ఏ మాటో భస్మ బుధవారం నాడే అందరి ముందు చదివేస్తారు. మూడో మాట, అంటే సిలువ కింద నిలబడ్డ తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, ఎప్పుడూ ఆడవాళ్లదే. చాలా ఏళ్లుగా ఉషక్క చెబుతోంది. ఉషక్క మా సంఘ కార్యదర్శి, సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసరు ప్రభుదాస్ గారి భార్య. ఈసారి ఆయన చదువుతూ చదువుతూ "మూడో మాట, కుమారి దీపు" అన్నాడు. ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి.

ఆరాధన అయ్యాక ఉషక్కని అడిగితే, "నేనే నీ పేరు చెప్పాను. ఈ ఏడు నా గొంతు బాగాలేదు" అంది. పాటల్లో ఆమె గొంతు నాకు చక్కగా వినపడింది. ఇంకోటి. ఢిల్లీలో చలి వెళ్లిపోయింది, అందరూ స్వెట్టర్లు తీసేశారు, ఉషక్క మాత్రం మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకుంటోంది. ఎందుకో తోచింది రాశాను.

మూడో మాట మీద ఏం చెప్పాలో రాసి పంపు. నువ్వు ముప్పై ఏళ్లు ఆడపిల్లల బళ్లో వాక్యం చెప్పినదానివి.

నీ మేనకోడలు,
దీపు


తెనాలి
మార్చి 13

చిరంజీవి దీపుకి అత్త ప్రభువు పేరిట దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం చూసుకుని ఎంత సంతోషించానో. మజ్జిగ సంగతి మీ అమ్మకి నేనే చెప్పేశాను, కోప్పడకు. అంతా విని, "మరి ఫొటోలో అలా నవ్వుతోందేం? ఉపవాసమున్న పిల్ల అలా నవ్వుతుందా?" అంది. ఇక నా వల్ల కాలేదు.

మూడో మాట నీకు రావడం ప్రభువు కృప. దాని మీద లేచినవాళ్లంతా తల్లి మనసు, తల్లి కడుపు అని చెప్పి జనాన్ని ఏడిపిస్తారు. నువ్వు ఆ జోలికి పోకు. అక్కడ జరిగింది చాలా మామూలు పని. ఒక ఆడమనిషి ఆ సాయంత్రం ఎవరింటికి వెళ్లాలో తేల్చారు, అంతే. అంత బాధలో ఉండి కూడా ఆ పని మర్చిపోలేదు చూడు. అది చెప్పి కూర్చో. ఎక్కువ మాట్లాడితే మైకు నచ్చిందనుకుంటారు.

మా స్త్రీల సమాజం శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నీ పేరు పెట్టాను. మా కృపావతి చెల్లెలు ప్రసన్న మీ సంఘమేనట, ఆర్.కె. పురంలో ఉంటుందట. నువ్వు మజ్జిగ తాగిన కబురు ఈపాటికి అక్కడికి చేరిపోయి ఉంటుంది, సిద్ధంగా ఉండు.

ఎండలు ముదురుతున్నాయి. ఉపవాసమని నీళ్లు మానకు.

నీ అత్త,
మాణిక్యం


మునిర్కా
మార్చి 22

అత్తా,

ఇది చదివి చింపెయ్. నీకొక్కదానికే రాస్తున్నాను.

గురువారం మధ్యాహ్నం నేను గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే ఉషక్క వచ్చింది. మూడో మాట ఎలా చెప్పాలో నాకు నేర్పడానికని ఇంట్లో చెప్పి వచ్చిందట. మూడంతస్తులు ఎక్కి వచ్చి మంచం మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. నీ ఉత్తరంలో మూడో మాట గురించి రాసిన ముక్క చదివి వినిపించాను. "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను. టీ ఇస్తే ఎడం చేత్తో అందుకుంది.

"కుడి చెయ్యి ఏమైందక్కా?"

"ఇస్త్రీ పెట్టె తగిలింది."

"పెట్టె పట్టుకునేది ఆ చేత్తోనే కదా. అదే చేతికి ఎలా తగులుతుంది?"

నేను మామూలుగా అడిగాను అత్తా. తెలివి చూపిద్దామని అడిగి ఉంటాను, అంతకంటే ఏమీ లేదు. ఆమె గ్లాసు కింద పెట్టి జాకెట్టు చెయ్యి పైకి లాగింది. ఇస్త్రీ పెట్టె ముందు కొన ఎలా ఉంటుందో అలాగే, అచ్చు దిగినట్టు. దాని పక్కన పాతది ఇంకొకటి.

ప్రభుదాస్ గారి తెల్ల చొక్కా కాలరు సరిగ్గా రాలేదట. ఆదివారం ఆరాధనకి వేసుకునే చొక్కా. మొన్న ఆదివారం ఆ చొక్కాలో నిలబడే ఆయన మా అందరిచేతా పాపపు ఒప్పుకోలు చదివించాడు. నేను వెనక వరసలోంచి ఆయన వెంట ఒక్కొక్క మాటా పలికాను. 

ఆమె ఏడవలేదు. "శ్రమల దినాల్లో కొంచెం ఎక్కువ. ఉపవాసాలుంటాడు కదా, కడుపులో ఏమీ ఉండదు. ఈస్టరు అయ్యాక తగ్గుతుంది" అంది. వానలు తగ్గుతాయి అన్నట్టు అంది. పిల్లల్లేరు. తల్లి పోయింది. ఒంగోల్లో అన్న ఉన్నాడు, ఈమె ఫోన్ చేస్తే ముందు "బావ ఎలా ఉన్నాడు?" అని అడుగుతాడట. మూడో మాట ఎందుకు వదులుకున్నావంటే, "పైన నిలబడి తల్లి గురించీ ఇంటి గురించీ చెప్పడం ఈ ఏడు నా వల్ల కాలేదు" అంది.

వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "సంఘంలో ఎవరికీ తెలియకూడదు దీపూ. తెలిస్తే నాకు ఉన్న ఆ ఇల్లు కూడా ఉండదు" అంది. మాటిచ్చాను. నువ్వు ఈ సంఘం మనిషివి కాదు, ఇక్కడెవరితోనూ నీకు రాకపోకల్లేవు, అందుకని నీకు రాస్తున్నాను. పోలీసుల దగ్గరికి వెళ్దామా అంటే ఉషక్క దణ్ణం పెట్టింది. ఏం చేయాలో నాకు తోచడం లేదు. నువ్వు చెప్పు.

దీపు


తెనాలి
మార్చి 28

దీపూ,

నీ ఉత్తరం అందింది. చొక్కా కాలరు దగ్గర ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి చదివాను. చింపేశాను.

తొందరపడకు. నువ్వు పెళ్లి కావలసిన పిల్లవి, ఇంటికి దూరంగా గది తీసుకుని ఉంటున్నావు. మొగుడూ పెళ్లాల మధ్యకి వెళ్లినవాళ్లని ఆ ఇద్దరూ కలిసి నిందిస్తారు, నేను చూశాను. నువ్వు ఏమీ ఎరగనట్టే ఆదివారం వెళ్లు, మూడో మాట బాగా సిద్ధపడు. ఆ పిల్ల వస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టు. చెప్పుకుంటే సగం బరువు తగ్గుతుంది.

నేను మాత్రం ఆ భారాన్ని ప్రభువు పాదాల దగ్గర పెట్టాను. ఇక్కడ తన కోసం ఉపవాసమున్నవాళ్లున్నారని ఆమెకి చెప్పు, ధైర్యంగా ఉంటుంది.

అత్త


మునిర్కా
ఏప్రిల్ 5

అత్తా,

ఎవరికి చెప్పావు?

జవాబు రాసే ముందు నిన్న జరిగింది చదువు.

శ్రమల దినాల్లో ఇక్కడ శుక్రవారం సాయంత్రాలు ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. నిన్నటి వంతు ప్రభుదాస్ గారిది. సోఫాలు బాల్కనీలోకి జరిపి ముందు గదంతా దుప్పట్లు పరిచారు. చెప్పులు మెట్ల దాకా ఉన్నాయి. ఆయన హార్మోనియం దగ్గర కూర్చుని పాడించాడు. ఆయన గొంతు బాగుంటుందని నీకు రాశానా? చాలా బాగుంటుంది.

పాటలూ వాక్యమూ అయ్యాక పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, "ప్రార్థన మనవులుంటే చెప్పండి" అన్నారు. ఒకావిడ మోకాళ్ల నొప్పులు చెప్పింది. ఒకాయన బదిలీ ఆగాలన్నాడు. తర్వాత మీ కృపావతి గారి చెల్లెలు, ప్రసన్న ఆంటీ, కొంగు తల మీదికి లాక్కుని మోకాళ్ల మీద లేచింది.

"ఇది మా అక్క తెనాలి నుంచి చెప్పిన మనవండి. అక్కడ మన సహోదరీలు ఉపవాసాలుండి ఏడుస్తున్నారంట. మన ఢిల్లీలోనే ఒక చెల్లి. పేరు తెలీదు, ప్రభువుకి తెలుసు. భర్తది సెంట్రల్ గవర్నమెంటులో మంచి ఉద్యోగమే, సంఘంలో పెద్ద కూడానంట. చొక్కా కాలరు సరిగ్గా రాలేదని ఆ ఇస్త్రీ పెట్టె తీసి ఆమె చేతికి పెట్టాడంట. పాపం, పిల్లలు కూడా లేరు. ఆ చెల్లి కోసం భారంగా ప్రార్థన చెయ్యాలి."

పేరు చెప్పలేదు. అది నిజం. కానీ ఈ ఊళ్లో మన తెలుగు లూథరన్ పెద్దలెంతమంది, వాళ్లలో పిల్లల్లేనివాళ్లు ఎంతమంది? ఆమె సగంలో ఉండగానే గదిలో చూపులన్నీ దుప్పటి మీదికి దిగిపోయాయి. ఆమెకి మాత్రం చివరి మాట అన్నాక తట్టింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తను ఎవరింట్లో కూర్చుని ఎవరి కోసం అడుగుతోందో ఆమెకి నిజంగా తెలియదు, నేను ఆ మొహం చూశాను. అందుకే ఆమె మీద కోపం కూడా రావడం లేదు.

ఉషక్క వంటింటి గుమ్మంలో టీ గ్లాసుల ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క గ్లాసూ చప్పుడు కాలేదు.

ప్రభుదాస్ గారు హార్మోనియం మూశాడు. "చాలా బరువైన మనవి. నేనే ప్రార్థిస్తాను" అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. ఆ చెల్లి కోసం ఆయన ఏడ్చాడు అత్తా. దొంగ ఏడుపు కాదు, నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఆ భర్త కోపం తీసెయ్యి ప్రభువా అన్నాడు. తర్వాత అదే గొంతుతో, ఇంటి సంగతులు బయట పెట్టుకునే బలహీనత నుంచి ఆ చెల్లిని కాపాడమన్నాడు. ఆమెని ఎగదోసే లోకపు స్నేహాల నుంచి తప్పించమన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. అందులో ఉషక్క గొంతు కూడా ఉంది.

టీ ఆయనే తెచ్చి ఇచ్చాడు. "నీకు చక్కెర ఎక్కువ వేయించానమ్మా దీపూ. మంచి శుక్రవారం దాకా గొంతు జాగ్రత్తగా చూసుకోవాలి కదా" అన్నాడు. అందుకున్నాను. తాగాను కూడా. ఎందుకు తాగానని ఇప్పటిదాకా నన్ను నేనే ప్రశ్నించుకుంటున్నాను.

మెట్ల మీద నా చెప్పులు వెతుక్కుంటుంటే ఉషక్క వచ్చి పక్కన నిలబడింది. "ఆ కాలరు సంగతి నీకొక్కదానికే చెప్పాను దీపూ" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది. తలుపు ఆయన వేశాడు.

చింపేశానన్నావు. చింపేసిన ఉత్తరంలో మాటలు ప్రసన్న ఆంటీ నోట విన్నాను. "ఉపవాసమున్నవాళ్లున్నారు" అని రాశావు, అప్పుడే అర్థం కావలసింది. ఎవరెవరున్నారు అత్తా?

దీపు


తెనాలి
ఏప్రిల్ 10

దీపూ,

నేను పేరు చెప్పలేదు. ప్రభువు సాక్షిగా చెప్పలేదు. మీ సంఘమని కూడా అనలేదు, ఢిల్లీలో ఒక చెల్లి అన్నాను. కృపావతి అక్కడే కళ్లు తుడుచుకుంది, ఇంటికెళ్లి చెల్లెలికి ఫోన్ చేస్తుందని నాకెలా తెలుస్తుంది? పిలిచి కోప్పడ్డాను. "ఎక్కువమంది ప్రార్థిస్తే మంచిదేగా అక్కా" అంది. ఆమెకి ఏం చెప్పను?

మా సమాజంలో ఎప్పుడూ ఇలాగే చెప్పుకుంటాం. ఎవరింట్లో ఏం జరిగినా "ఒక చెల్లి" అంటాం. ఎవరో అందరికీ తెలుస్తుంది, ఎవరూ పేరెత్తరు, ఎవరూ గుచ్చి అడగరు. మోకరించి ప్రార్థన చేసి ఇళ్లకి వెళ్తాం. అది మా మర్యాద. ముప్పై ఏళ్లుగా అలా ఎంతమంది చెల్లెళ్ల కోసం మోకాళ్లు అరగదీసుకున్నానో నీకు తెలీదు. దాన్ని నువ్వు చాడీ అన్నట్టు రాశావు. నాకు బాధ కలిగింది.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం ఆ ప్రభుదాస్ గారు మీ నాన్నకి ఫోన్ చేశాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో. "మీ అమ్మాయి మా పిల్లలాంటిదే" అన్నాడట. ఉషకి నరాల బలహీనత అనీ, మందులు వాడుతున్నాడనీ, ఆమె ఏదో అంటే మన పిల్ల దాన్ని పెంచి ఊరంతా చేసిందనీ. నీ గది, నీ స్నేహాలు, శ్రమల దినాల్లో మాంసాలు తినడం, అన్నీ చెప్పాడట. ఆ ఫొటో ఆయన దగ్గర కూడా ఉందట. మీ అమ్మ "నేను మొదటే చెప్పానా" అంది.

పరిశుద్ధ గురువారం ప్రభువు బల్ల ముందు, మీ పాస్టరు అయ్యగారి ఎదట నువ్వు క్షమాపణ చెబితే ఆయన ఇంతటితో వదిలేస్తాడట. చెప్పెయ్ తల్లీ. ఒక్క మాట. ఈస్టరు అయ్యాక ఉద్యోగం మానేసి గుంటూరు వచ్చెయ్యమని మీ నాన్న అంటున్నాడు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. ఆ పిల్ల సంగతి ప్రభువు చూసుకుంటాడు.

జవాబు వెంటనే రాయి.

అత్త


మునిర్కా
ఏప్రిల్ 19, శనివారం

అత్తకి,

నీ ఉత్తరం అందింది. ఏమవుతుందో చూసి రాద్దామని ఆగాను. అయింది.

మట్టల ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలు అయ్యగారి గదిలో కూర్చుని ఉషక్కని పిలిచారు. భర్త పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగారు, "ఏమ్మా, ఆ మనవి నీ గురించేనా?" అని. "కాదండి" అంది. "చేతి మీద మచ్చ?" "నేనే చూసుకోలేదండి." అందరి మొహాలూ తేలికపడ్డాయి. తెరిచిన తలుపు బయట నిలబడి ఇదంతా చూస్తున్న నన్ను తర్వాత లోపలికి పిలిచారు.

"చూశావు కదమ్మా, అక్కే కాదంటోంది" అన్నారు అయ్యగారు.

"ఆయన పక్కన లేనప్పుడు అడగండి అయ్యగారూ."

"భార్యాభర్తల్ని విడదీసి అడిగే పద్ధతి మనకి లేదమ్మా."

ఆయన మంచివాడే. ఆ మాట రాయకపోతే అన్యాయం. నన్ను కసురుకోలేదు, కూర్చోమన్నారు, నీళ్లిప్పించారు. గురువారం నేను ప్రభుదాస్ గారికి క్షమాపణ చెప్పాలనీ, చెప్పేదాకా ప్రభువు బల్లకి రాకూడదనీ తేల్చారు. మూడో మాట తిరిగి ఉషక్కకే అన్నారు. అది ప్రభుదాస్ గారి సలహా. "ఆమె పైకి లేచి మాట్లాడితే సంఘానికి నమ్మకం కుదురుతుంది" అన్నాడు.

గురువారం నేను ఆఖరి వరసలోంచి కదల్లేదు. రెండుసార్లు అయ్యగారు తలెత్తి నా వైపు చూశారు. ప్రభుదాస్ గారు అందరికంటే ముందు వెళ్లి మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాడు. అదే చొక్కా. కాలరు చక్కగా ఉంది.

నిన్న మంచి శుక్రవారం. మధ్యాహ్నం ఎండకి గుడి పెనంలా ఉంది, బల్ల మీద నల్లగుడ్డ పరిచారు. మొదటి రెండు మాటలూ ఇద్దరు పెద్దలు చెప్పారు. మూడోదానికి ఉషక్క లేచింది. చేతిలో కాగితం లేదు.

"మూడో మాట మీద ఇక్కడ చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ తల్లి మనసు గురించి చెప్పాను. ఈసారి దీపు వాళ్ల అత్తగారు తెనాలి నుంచి రాసిన సంగతి చెబుతాను. అక్కడ జరిగింది చాలా మామూలు పని అన్నారావిడ. ఒక ఆడమనిషి ఆ సాయంత్రం ఎవరింటికి వెళ్లాలో తేల్చారు, అంతే అన్నారు."

అక్కడ ఆగింది. అయిపోయిందనుకుని ఒకరిద్దరు పాటల పుస్తకం తీశారు.

"ఆదివారం అయ్యగారి గదిలో నేను అబద్ధం చెప్పాను. ఆ మనవి నా గురించే. ఈ సాయంత్రం నేను ఇంటికి వెళ్లలేను. మీలో ఎవరింటికి రమ్మంటారు?"

ఏడుస్తూ అనలేదు అత్తా. కూడిక ఎవరింట్లో పెడదాం అని అడిగినట్టు అడిగింది.

ముందు వరసల్లో నాకు కనిపించినవి వీపులే. ఆ వీపుల్లో ఒక్కటీ కదల్లేదు. ప్రసన్న ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుంది, లేవలేదు. అమ్మగారు అయ్యగారి వైపు చూశారు, అయ్యగారు పుస్తకం వైపు చూశారు. వెనక ఎవరి పాపో "మమ్మీ, పానీ" అంది. ప్రభుదాస్ గారు కూర్చున్నచోటి నుంచే, "ఉషా, ఆరోగ్యం బాగాలేదు, దిగు" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. ఆ నెమ్మదికి ఆమె భుజం ముడుచుకోవడం ఆఖరి వరసలో ఉన్న నాకు కనిపించింది. మొదటి వరసకి కనిపించలేదంటే నేను నమ్మను.

"మా గదికి రా అక్కా" అన్నాను. గుడిలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె దిగి, మధ్య దారి వెంట, ఆయన బల్ల దాటి, నా దాకా నడిచి వచ్చింది. ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ తోడూ రాలేదు.

బయట చెప్పులు వేసుకుంటున్నాం. లోపల పాట ఎత్తుకున్నారు. తర్వాత మైకులో "నాలుగో మాట" అని వినపడింది. నా చెయ్యి ఎందుకు విడిచిపెట్టావని ప్రభువు దేవుణ్ణి అడిగిన మాట. ఆ వంతు ప్రభుదాస్ గారిది. ఆపలేదు అత్తా. ఆరాధన ఆగలేదు. ఆయన చెప్పాడు, వాళ్లు విన్నారు. ఆటో దొరికేదాకా ఆయన గొంతు గేటు దాకా వినపడుతూనే ఉంది. బాగానే ఉంది గొంతు.

ఇక్కడ మా ఇంటి ఓనరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. "యే కౌన్ హై?" అంది. ఎవరని అడిగితే అక్క అని చెప్పాను, "దీదీ హై" అని. "కిత్‌నే దిన్?" ఎన్నాళ్లుంటుందని. "పతా నహీ" అన్నాను, తెలీదని. ఉషక్కని కింద నుంచి పైదాకా చూసి, "ఠీక్ హై, ఛత్ పర్ కపడే మేరే తార్ పే మత్ డాల్‌నా" అని దారి ఇచ్చింది, మేడ మీద ఆమె తీగ మీద మా బట్టలు ఆరెయ్యకూడదట, అంతే. సాయిసుధ తన మంచం ఇచ్చి నేల మీద పక్కేసుకుంది. ఆ కోడికూర ప్లేటు సాయిసుధే.

ఉషక్క ఇప్పుడు నిద్రపోతోంది. పగలే, తలుపు తీసే ఉంది. ఎవరైనా మెట్లెక్కిన చప్పుడైతే కళ్లు తెరుస్తోంది. పొట్టి చేతుల చొక్కా ఒకటి ఇచ్చాను, వేసుకుంది.

నిన్ను ఒక్కటే అడుగుతాను. ముప్పై ఏళ్లుగా ఒక చెల్లి కోసం, ఇంకో చెల్లి కోసం ప్రార్థించానన్నావు. వాళ్లలో ఒక్కరినైనా ఆ సాయంత్రం మీ ఇంటికి రమ్మన్నావా? మూడో మాట అంత బాగా తెలిసినదానివి నువ్వే. నాకు జవాబు రాయక్కర్లేదు.

రేపు ఈస్టరు. ఇద్దరం వెళ్తున్నాం. ముందు వరసలో కూర్చుంటాం.

ఎల్లుండి ఉషక్కతో పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. ఆమె చెప్పేది ఆమె చెబుతుంది. నేను చూసింది నేను రాసి సంతకం పెడతాను. క్షమాపణ చెప్పలేదు, చెప్పను. గుంటూరు రావడం లేదు. ఉషక్క సంగతులు ఇకమీదట నీకు రాయను.

దీపు